ఆయన పొయ్యి మీద నాకు కాచిన జావ

బోధన్ దిక్కు చెరుకు ఆడే నెలలల్ల దగ్గని మనిషి ఉండడు. ఫ్యాక్టరీల పనిచేసేటోళ్ళ గొంతుల పిప్పి దూగ పడుతది, బండ్లు తోలుకొచ్చేటోళ్ళకు దుమ్ము, ఇండ్లల్ల ఉన్నోళ్ళకు పొగ. పొద్దుగాల ఫ్యాక్టరీ సైరను, అదే భోంగ, కూసే యాళ్ళకు ఊరంత ఒక్కపారి లేచి దగ్గుతది. సీజను అయిపోయి భోంగ బందైతే దగ్గు గూడ బందైతదని మా దిక్కు అందరి లెక్క. గా లెక్కనే మా ఇంటాయనను తీస్కపోయింది. అందుకే ఈ మాట ముందుగాల చెప్తున్న. ఎవ్వరికన్న సీజను పోయినంక గూడ దగ్గు పోకుంటే, ఇంకో భోంగ కోసం చూడకుండ్రి. దవాఖానకు పోండ్రి.

నాకు చదువు రాదు. నేను చెప్తుంటె మా సంఘం అయ్యగారి ఇంటామె రాస్తున్నది. "ఇంత వివరమెందుకు లచ్చవ్వా" అంటది నడుమ నడుమ. రాయమ్మా అంట నేను. దవాఖాన మంచం మీద పడ్డ ఒక ఆడమనిషికి ఎవరన్న ఇది చదివి వినిపిస్తే, ఆమె ఒక ముద్ద ఎక్కువ తింటె నాకు చాలు.

బాప్తిస్మంల నాకు దయామణి అని పేరు పెట్టిండ్రు గని, ఆ పేరుతోని నన్ను పిలిచింది గా ఒక్క దినమే. మా తల్లిగారిది కందకుర్తి పక్క పల్లె. గోదారి, మంజీర కలిసే కాడ ఈదులాడి పెరిగిన. పెండ్లి ముంగట బాప్తిస్మమిస్తమంటే, నీళ్ళు నాకు కొత్తనా అని నవ్విన. అప్పట్ల నా నమ్మకం గంతే. మా అత్త గంగవ్వ గట్ల గాదు. ఆమె పాట అందుకుంటె గుడి వెనుక కూసున్న మొగోళ్ళు గూడ బీడీలు ఆర్పేసి లోపలికొచ్చేటోళ్ళు. నోరు మట్టుకు కొరివి. ఆ నోటితోనే దేవుని పాట, ఆ నోటితోనే నన్ను తిట్టుడు. "నా కొడుకు చెరుకు తెస్తడు, నువ్వు చేదు చేస్తవు" అనేది.

ఆమె కొడుకు సాయిలు, మా ఇంటాయన, సీజన్ల ఫ్యాక్టరీల చెరుకు మోపులు మిషన్లకు ఎక్కించే పని చేసేటోడు. సీజను లేనప్పుడు నిజాంసాగర్ కాలువల మీద పూడిక తీసే పని. ఆంధ్రోళ్ళతోని కలిసి రాష్ట్రం ఒక్కటైన కొన్నేండ్లకు, మా బిడ్డ సుశీల అప్పుడే నడక నేర్చింది, ఆ ఏడు చలికాలం ఆయనకు దగ్గు పట్టింది. మేం పట్టించుకోలే. అందరు దగ్గుతుండ్రి గద. అత్త శొంఠి కషాయం కాచిచ్చింది. నేను ఛాతీకి ఆముదం రాసిన. ఆయన గూడ "భోంగ ఆగనీ, గప్పుడు సూడు నా పానం" అన్నడు.

భోంగ ఆగింది. ఊరందరి దగ్గు ఆగింది. ఒక్క మా ఇంట్ల దగ్గు మిగిలింది.

అంతకుముందు పదిమంది దగ్గుల ఆయన దగ్గు కలిసిపోయి వినరాలే. ఊరు చప్పుడు ఆగినంక ఇంట్ల అదొక్కటే వినొచ్చేది. ఫ్యాక్టరీ గోడ కాడ బెల్లం మడ్డి పడి నేల నల్లగుంటది. ఆయన పోయి పోయి అక్కడ్నే ఉమ్మేటోడట, ఎర్రది కనబడకుంట. నాకు తర్వాత తెలిసింది.

నిజామాబాదు అవుతల ఉన్న మిషను దవాఖానకు రైలెక్కి పోయినం. దాక్టరమ్మ ఛాతీ చూసి, ఫోటో తీపిచ్చి, "ఇది పిప్పి దగ్గు కాదమ్మా, క్షయ" అన్నది. "ఇన్ని నెలలు ఏం చేసిండ్రు" అని అడుగుతదేమో అని నేను తల వంచుకున్న. ఆమె అడగలే. ఆయన భుజం మీద చెయ్యేసి, మంచం చూపించింది. అది మర్చిపోలేను. అప్పటికే మా వాడల ఆయన్ను తాకేటోళ్ళు తగ్గిండ్రు.

ఆ దవాఖానల రోగికి మంచం, మందు ఇస్తరు. వంట మనోళ్ళే చేసుకోవాలె. వెనుక దిక్కు పొడుగాటి రేకుల కొట్టం ఉంటది. ఎవరి పొయ్యి వాళ్ళది, మూడు రాళ్ళు తెచ్చి పెట్టుకునుడే. ఆ కొట్టంల ఒక రివాజు ఉండె. ఎవ్వరు పెట్టిండ్రో తెలువదు గని అందరు పాటించేటోళ్ళు. రోగి బాగై ఇంటికి పోతే ఆ పొయ్యిని అట్లనే ఇడిసిపోతరు, అది బతికినోళ్ళ పొయ్యి, కొత్తగ వచ్చినోళ్ళు దానికోసం కొట్లాడుకుంటరు. రోగి చచ్చిపోతే ఆ రాళ్ళను తీసి, గోడ పక్క లొట్టపీసు చెట్లల్ల పారేస్తరు. ఆ రాళ్ళ మీద బతికున్నోళ్ళకు వండొద్దు.

మేం పోయిన్నాడు బతికినోళ్ళ పొయ్యి ఒక్కటి గూడ ఖాళీ లేదు. అప్పటికి ఆయన ఇంక నడుస్తుండె. తనే ఆవరణంత తిరిగి రెండు రాళ్ళు ఏరిండు, మూడోది పగిలిన ఇసుర్రాయి సగం ముక్క తెచ్చిండు. నడుమ తొర్ర, పైన గాట్లు.

"గదేందయ్యా, గుండ్రంగున్నది, కుండ నిలుస్తదా?" అన్న.

"జీవితమంత తిరిగి తిరిగి అలిసిపోయింది పాపం. ఇగ కూసోని వండుతది, మా అవ్వ లెక్క" అన్నడు.

"నేనెప్పుడు కూసున్నరా, నువ్వు కూసోనిస్తివా" అన్నది అత్త. నవ్వుకుంటనే అన్నది.

ఎండకాలమంత అక్కడ్నే ఉన్నం. అత్త, నేను వంతులు పెట్టుకున్నం. సుశీలను మా అన్న ఇంట్ల ఇడిసినం. దీనమ్మక్క అని వార్డులల్ల తిరిగి వాక్యం చెప్పే ఆమె ఉండె. తెల్లచీర, చేతిసంచి. మందుల వాసన నడుమ ఆమె చీరకు సబ్బు వాసన వచ్చేది. ఆమె వచ్చి ప్రార్థన చేస్తే అత్త గట్టిగ ఆమెన్ అనేది. నేను గంజి ఆరపెట్టుకుంట కూసునేదాన్ని. ఆయన తిన్న గిన్నె నేను కడుగుడు చూసి, ఒకనాడు దీనమ్మక్క నా చేతిలకెల్లి తీసుకోని తనే కడిగింది. కడిగి బోర్లించి పోయింది.

మిరుగు కార్తె వాన మొగులు పట్టిన దినం. పొద్దు నడినెత్తి మీదికెల్లి జరిగింది. జావ తాపుతుంటె ఆయన మొఖం అదోరకం పెట్టిండు.

"ఉప్పెక్కువైంది లచ్చవ్వా."

"ఆగు, చప్పటిది కాచుకొస్త."

అంతే మా ఆఖరి ముచ్చట. పెద్ద మాటలేవి చెప్పుకోలే. నేను కొట్టంల జావ కలుపుతుంటె వాన చినుకులు రేకుల మీద పడ్డయి, ఆ చప్పుట్ల వార్డులకెల్లి నన్ను పిలిచింది వినబడలే. దీనమ్మక్క వచ్చి నా పక్కన గొంతుక్కూసున్నది. ఆమె మొఖం చూసి నేను గంటె ఇడిసిపెట్టిన.

అత్త అప్పటికి ఏడ్వలే. కొట్టంలకు వచ్చింది. కుండ దించి జావ మట్టిల పోసింది. కాలుతున్న రాళ్ళను చీరె కొంగుతోని పట్టి ఒక్కొక్కటి మోసుకపోయి లొట్టపీసులల్ల పారేసింది. ఇసుర్రాయి ముక్క ఆఖరికి. దాన్ని ఇసిరినంక అక్కడ్నే నేల మీద పడి మొత్తుకున్నది.

బోధన్ తీసుకొచ్చి, కాలువ అవుతల మా సంఘం సమాధుల కాడ మట్టిల పెట్టినం. సాయిలును మళ్ళ చూస్తమని అయ్యగారు చెప్పిండు. అనాల్సిన మాట అంటున్నడు, అనుకున్న. అత్త మట్టి వెయ్యమంటె వేసింది, పాట పాడమంటె పాడలే. ఆనాటి సంది ఆమె పాట బందైంది. ఆదివారం గుడికొచ్చేది గని లోపలికి రాకపోయేది, బయట అరుగు మీద కూసోని పోయేది. ఎవరన్న అడిగితే, "ఆయనతోని నాకు మాటల్లేవు" అనేది. ఆయనంటె దేవుడు. నాతోని గూడ మాటలు తక్కువే అయినయి. ఎవరి తప్పని అడిగితే ఇద్దరి నోట్లె ఒక్కటే జవాబున్నది, భోంగ ఆగుడు కోసం చూసినం. అందుకే ఇద్దరం అడగకపోయేది.

నేను బీడీలు చుట్టి బతికిన. పొద్దంత ఒళ్ళె చాట, తంబాకు ఘాటు. రెండు చెరుకు సీజన్లు గట్లనే ఎళ్ళినయి. దసరా ఎళ్ళినంక నాకు దగ్గు మొదలైంది. బీడీలు చుట్టేటోళ్ళకు దగ్గుండనే ఉంటదని చుట్టుపక్కలోళ్ళు అన్నరు. సూడుండ్రి, మల్ల అదే లెక్క, పేరే మారింది. నేను గూడ ఆ మాటనే పట్టుకుందునేమో. అత్త ఒకనాడు నా పక్కన నిలవడి నా దగ్గు విన్నది. చాలా సేపు విన్నది. వినీ వినీ చాట తీసి పక్కన పెట్టింది.

"లే. గిది తంబాకు గాదు. నేను ఈ దగ్గు విన్న" అన్నది.

మల్ల అదే రైలు, అదే దవాఖాన. ఈ పారి మంచం మీద నేను. సుశీలను మా అన్న మల్ల తీసుకపోయిండు. అప్పుడప్పుడు తోలుకొచ్చేటోడు గని పిల్లలను లోపలికి రానియ్యరు. గోడ అవుతల నిలవెట్టేటోడు. దాని తల మాత్రమే కనబడేది, ఎర్ర రిబ్బను. నేను వరండలకెల్లి చెయ్యి ఊపితే అది ఊపేది గాదు, ఊరికే చూసేది. నా మొఖం దానికి గుర్తు పట్టరానంత పీక్కపోయింది గావచ్చు. భయం, బుగులంటె ఏందో నాకప్పుడు తెలిసింది. మా ఇంటాయన చచ్చిపోతున్నప్పుడు కొడుకు పోతున్నడని అత్తకు బుగులు, మొగడు పోతున్నడని నాకు బుగులు. ఆయనకెంత బుగులుండెనో మేం ఒక్కనాడు అడగలే. అదే మంచాల వరుసల పండుకుంటె అడగాలనిపించింది.

సూదులు రోజు పొడిచేటోళ్ళు. గోలీలు, చేదు మందు బుకిణి, పొడి. తిండి తింటెనే మందు పనిచేస్తదని దాక్టరమ్మ చెప్పేది. వారం వారం బరువు చూసేటోళ్ళు. "మేకను జోకినట్టు జోకుతుండ్రు, పండుగకు కోస్తరేమో" అనేది అత్త. ఆమె నవ్వించబోయేది, నాకు నవ్వొచ్చేది గాదు. బరువు తగ్గుకుంటనే పోయింది. తింటె వాంతి. కూడు చూస్తెనే మొఖం తిప్పేదాన్ని.

కూడు గూడ సల్లగనే వచ్చేది. ఎందుకంటె అత్త పొయ్యి పెట్టుకోలే. మల్ల మూడు రాళ్ళు పెడితే ఆ రాళ్ళను మల్ల నేనే మోసి పారేయాలె గద అని ఆమె మనసుల. నాకు చెప్పలే, దీనమ్మక్కకు చెప్పిందట. పక్కోళ్ళ వంటలైనంక ఆరే నిప్పు మీద మా జావ పెట్టేది. ఉడికీ ఉడకక, సల్లారి వచ్చేది. నేను రెండు గుక్కలు తాగి పెట్టేదాన్ని.

దీనమ్మక్క ఆ దినాలల్ల నా మంచం కాడికి వచ్చి ఒక సంగతి చెప్పింది. ప్రభువును సమాధిల పెట్టినంక, మూడో దినం పొద్దుగాల కొందరు ఆడోళ్ళు సుగంధాలు పట్టుకోని పోయిండ్రట. దారిలంత వాళ్ళ ఫికరు ఒక్కటే, సమాధి మూతి మీది బండను మనకెవరు జరుపుతరని. జరిపేటోడెవ్వడు లేడని తెలుసు. అయిన పోతనే ఉన్నరు. నాకు ఆ సంగతి పట్టుకున్నది. అంతకుముందు వాక్యంల మనుషులంటె పెద్దోళ్ళు, మనసొంటోళ్ళు గాదనుకునేది. వీళ్ళు మా అసొంటోళ్ళే. బండెవరు జరుపుతరో తెలువకుంటనే బయలెల్లిండ్రు. చచ్చినోనికి చేసే పని చేస్తందుకే బయలెల్లిండ్రు, లేచిండని తెలిసి గాదు.

అత్త ఆనాడు గడప కాడ కూసోని వినుకుంట ఉన్నది. దీనమ్మక్క లేచి పోతుంటె కొంగు పట్టి ఆపింది.

"ఓ దీనమ్మా. నిజం చెప్పు. నా కొడుకు లేస్తడా?"

"లేస్తడు గంగవ్వా."

"సాయిలే లేస్తడా, సాయిలసొంటి ఇంకెవ్వడన్న లేస్తడా?"

"సాయిలే."

అత్త కొంగు ఇడువలే. "దగ్గుతోనా?"

"దగ్గు లేకుంట" అన్నది దీనమ్మక్క.

అత్త కొంగు ఇడిసింది. నేను గోడ దిక్కు తిరిగి ఏడ్చిన. ఆయనకు దగ్గు లేకుంట ఉన్న మొఖం ఎట్లుండెనో మర్చిపోయిన నేను. ఆ మాటతోని యాదికొచ్చింది. పెండ్లైన కొత్తల, చెరుకుగడ పండ్లతోని చీల్చి నాకిచ్చిన మొఖం.

తెల్లారి ఎండకు నన్ను వరండల కూసోపెట్టిండ్రు. అక్కడికి కొట్టం కనబడుతది, మాటలు వినొస్తయి. అత్త లొట్టపీసులల్లకెల్లి వస్తున్నది. చీరెకు ఎండుటాకులు, చేతులకు గీతలు. సంకల ఒక రాయి. తెచ్చి కొట్టంల పెట్టి, మల్ల పోయింది. మల్ల ఒకటి. మూడోసారి తెచ్చింది రెండు చేతులతోని పట్టుకోని, పసిపిల్లను తెచ్చినట్టు. పగిలిన ఇసుర్రాయి. దూరంకెల్లే గుర్తు పట్టిన.

కొట్టంల ఆడోళ్ళు వంటలాపి చూస్తుండ్రు. ఒకామె అన్నది, "అవ్వా, గవి గోడ కాడియి గాదా?"

"గోడ కాడియే."

"సచ్చినోళ్ళ పొయ్యి గద అవ్వా గది. కోడలుకు దాని మీద వండుతవా? మంచిది గాదు."

"నా కొడుకు పొయ్యి" అన్నది అత్త. రాళ్ళను అరచేత్తోని దులుపుకుంట అన్నది. "నా కొడుకు లేస్తడని నేను నమ్ముతున్న. నమ్ముతలేనని రెండేండ్లు అరుగు మీద కూసున్న, అయిన నమ్ముతనే ఉన్న, నమ్మకుంట ఉండుడు నా వల్ల గాలే. లేచెటోని పొయ్యికి మైలేందే? వాడు లేచి వచ్చి, అవ్వా నా పొయ్యి రాళ్ళేవి అంటె, పారేసిన బిడ్డా, నువ్వు ఇగ రావనుకున్న అని చెప్పాల్నా?"

ఒకామె తన కుండను కొంచెం దూరం జరుపుకున్నది. ఇంకొకామె తన పొయ్యిలకెల్లి ఒక కొరివి తీసి, అత్త ముంగట పెట్టింది. ఆ నిప్పుతోనే అత్త పొయ్యి అంటించింది.

జావ పొగలు కక్కుకుంట వచ్చింది. నేను గిన్నె చూసిన. నాకు బుగులైంది, అబద్ధం చెప్ప. అవే రాళ్ళు, అదే కుండ, ఆనాడు మట్టిల పోసిన జావ కండ్లల్ల తిరిగింది.

"నన్ను సంపుతవా అత్తా" అన్న.

అత్త తన అరచేతిల పోసుకోని, ఊది, తాగింది. మూతి తుడుచుకోని నా దిక్కు చూసింది. "సచ్చిన్నా?"

నేను తాగిన. వేడి జావ ఎన్నో దినాలకు. సగం తాగి గిన్నె దించిన.

"ఉప్పెక్కువైంది అత్తా."

అత్త మొఖం ఎట్లెట్లనో అయింది. నవ్వుతున్నదా ఏడుస్తున్నదా తెల్వలే. "వాడు గూడ గిట్లనే అనేటోడు. తాగు" అన్నది. నేను మొత్తం తాగిన. ఆ పొద్దు వాంతి రాలే.

ఆ రాళ్ళ వల్ల బాగైందని చెప్తలేను. మందు వల్ల బాగైంది, దాక్టరమ్మ వల్ల, తిండి వల్ల. చుట్టుపక్కల మంచాలల్ల నాకంటె ఎక్కువ ప్రార్థన చేసినోళ్ళు పోయిండ్రు. వాళ్ళు పోయిండ్రు, నేనెందుకు ఉన్న అని అడిగితే నా కాడ జవాబు లేదు. అయ్యగారి కాడ గూడ లేదు, ఆయన్ను అడిగిన. నాకు తెలిసింది ఒక్కటే. భయం పోలే, జర పక్కకు జరిగి కూసున్నది. దాని పక్కన ఇంకోటి వచ్చి కూసున్నది. సాయిలంటె గోడ కాడ పారేసిన రాయి గాదు, లేచెటోడు అని. అట్ల అనుకుంటె అన్నం దిగింది, సూదికి చెయ్యి చాపబుద్ధైంది. చచ్చినా సరే అని గాదు. చచ్చినా, బతికినా నా బిడ్డ తల్లి లేనిది గాదు అని.

ఆ ఆదివారం దవాఖాన గుడిల ఆరాధన. వరండల పండుకున్న నాకు పాట వినొచ్చింది. నడుమ ఒక గొంతు లేచింది, బొంగురుపోయింది, రాగం తప్పింది, మల్ల అందుకున్నది. అందరికంటె గట్టిగ. నేను లేచి కూసున్న.

నా బరువు పెరిగింది. "మేక బలిసింది" అన్నది అత్త. గోడ అవుతల సుశీల ఒకనాడు తనంతల తనే చెయ్యూపింది.

ఈస్టరు ముంగటి మట్టలాదివారం ఎళ్ళిన దినాలల్ల మమ్మల్ని ఇంటికి పొమ్మన్నరు. ఇంటికి పోయినంక గూడ ఏడాది పైన గోలీలు మింగాలె, బాగైంది గద అని ఆపొద్దని దాక్టరమ్మ చెప్పింది. ఆపలే నేను. ఇది వినేటోళ్ళు గూడ ఆపకుండ్రి.

అత్త ఆఖరుపారి జావ కాచి నాకు తాపింది. గిన్నెలు కట్టుకుంటుంటె వేల్పూర్ దిక్కెల్లి ఒక పడుచు వచ్చింది. పసుపు ఉడుకపెట్టే కాలం, పనిలకెల్లే లేచి వచ్చినట్టుంది, చేతులు మోచేతుల దాక పచ్చగున్నయి. మొగన్ని అప్పుడే మంచం మీద పండబెట్టి వచ్చింది. కొట్టం ఈ కొసకెల్లి ఆ కొస దాక చూసింది. అప్పటికే ఎవరో చెప్పిండ్రు గావచ్చు ఆమెకు, ఇక్కడి రివాజు.

మా పొయ్యి ముంగట నిలవడి, గుండ్రటి ఇసుర్రాయి ముక్క దిక్కు చూసి, మెల్లగ అడిగింది.

"అవ్వా, గిది బతికినోళ్ళ పొయ్యా, సచ్చినోళ్ళ పొయ్యా?"

అత్త నా దిక్కు చూసింది. రాయి దిక్కు చూసింది. కొంగు నడుముకు చెక్కుకున్నది.

"రెండూ, బిడ్డా" అన్నది. "కూసో. నిప్పు ఇంక ఆరలే."